పిల్లల లైబ్రేరియన్లు ఒకచోట కలిస్తే ఏం జరుగుతుంది?

నవంబరు 14 అనగానే మనకు బాలల దినోత్సవం గుర్తొస్తుంది. అదే రోజున జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు కూడా మొదలవుతాయి. తెలుగు రాష్ట్రాల్లోని గ్రంథాలయాల్లో ఆ వారమంతా పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం, క్విజ్ పోటీలు జరుగుతుంటాయి. ఈ రెండూ ఒకే తేదీన రావడం కాకతాళీయమే. మొదటిది నెహ్రూ పుట్టినరోజు. రెండోదానికి ఆ తేదీని ఇచ్చింది ఒక మహాసభ.

1919 నవంబరు 14న మద్రాసులో తొలి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనుక ఉన్నది ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, ఆ సంఘానికి ప్రాణం పోసిన అయ్యంకి వెంకటరమణయ్య. బరోడా సంస్థానంలో గ్రంథాలయాల బాధ్యత చూస్తున్న జె.ఎస్. కుదాల్కర్ అధ్యక్షత వహించారు. ఆ సభ జ్ఞాపకంగానే భారత గ్రంథాలయ సంఘం 1968 నుంచి నవంబరు 14–20 తేదీల్లో వారోత్సవాలు జరుపుతోంది.

సభలు, సదస్సులు అంటే చాలామందికి శాలువాలు, ఉపన్యాసాలు, భోజనాలే గుర్తొస్తాయి. మరి పిల్లల విభాగం చూసుకునే ఒక లైబ్రేరియన్ రెండు మూడు రోజులు పని మానుకుని వృత్తి సదస్సుకు వెళ్తే, తిరిగి వచ్చాక ఆ పిల్లలకు ఏమైనా మేలు జరుగుతుందా? దీనికి కొంత జవాబు చరిత్రలో ఉంది. మరికొంత పఠనంపై జరిగిన శాస్త్రీయ పరిశోధనల్లో ఉంది.

ఒంటరి ఉద్యోగం

బడిలో ఒక ఉపాధ్యాయురాలికి సందేహం వస్తే పక్క తరగతిలో ఇంకొకరు ఉంటారు. ఆసుపత్రిలో నర్సుకు తోటి నర్సులు ఉంటారు. పిల్లల లైబ్రేరియన్‌కు సాధారణంగా ఆ అవకాశం ఉండదు. ఊరికి ఒకే గ్రంథాలయం, గ్రంథాలయానికి ఒకరో ఇద్దరో సిబ్బంది, అందులో పిల్లల అలమారా చూసేది ఒకరే. చాలాచోట్ల ఆ ఒకరే వార్తాపత్రికలు సర్దుతారు, పోటీ పరీక్షల పుస్తకాలు ఇస్తారు, రిజిస్టరు రాస్తారు, తాళం కూడా వేస్తారు.

విజయవాడలోనైనా, ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే ఊరు ఉస్లాపూర్‌లోనైనా ఆ ఒక్కరికి ఎదురయ్యే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. నాలుగేళ్ళ పాపకు ఏ పుస్తకం ఇవ్వాలి? చదవడం రాని పదేళ్ళ బాబుకు చిన్నపిల్లల పుస్తకం ఇస్తే సిగ్గుపడతాడు, పెద్దది ఇస్తే మూసేస్తాడు, ఏం చేయాలి? చిరిగిన పుస్తకానికి జరిమానా వేస్తే ఆ పిల్ల మళ్ళీ రాదేమో? గ్రంథాలయ శాస్త్రం పాఠ్యపుస్తకాల్లో వర్గీకరణ, సూచీకరణ విస్తారంగా ఉంటాయి. ఈ ప్రశ్నలకు దొరికే చోటు తక్కువ. వీటికి జవాబులు ఇదే పని చేస్తున్న ఇతరుల అనుభవంలో ఉంటాయి. ఆ అనుభవాలు కలిసే చోటే సదస్సు.

ఒక ప్రశ్న, 25 గ్రంథాలయాలు

పిల్లల గ్రంథాలయ సేవ ఒక వృత్తిగా రూపుదిద్దుకున్నది ఇలాంటి కలయికల్లోనే. 19వ శతాబ్దపు అమెరికాలో చాలా గ్రంథాలయాలు పన్నెండేళ్ళో పద్నాలుగేళ్ళో నిండని పిల్లలను లోపలికి రానిచ్చేవి కావు. కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో లైబ్రేరియన్‌గా ఉన్న కరోలిన్ హ్యూయిన్స్ 1882లో 25 గ్రంథాలయాలకు ఒక ప్రశ్న పంపారు. పిల్లల్లో మంచి పఠనాభిరుచి పెంచడానికి మీరు ఏం చేస్తున్నారన్నదే దాని సారాంశం. వచ్చిన జవాబులను క్రోడీకరించి అదే ఏడాది సిన్సినాటిలో జరిగిన అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ సదస్సుకు నివేదికగా సమర్పించారు.

ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది ఒక సర్వే. ఎవరి ఊళ్ళో వారు చేసుకుంటున్న ప్రయత్నాలను ఒకచోట చేర్చి, పోల్చి చూసేందుకు వీలు కల్పించింది. ఆ తర్వాత పిల్లల పఠనంపై నివేదికలు ఆ సదస్సుల్లో తరచుగా చోటు చేసుకున్నాయి. 1900లో మాంట్రియల్ సదస్సులో పిల్లల లైబ్రేరియన్లు కలిసి ఒక క్లబ్బుగా ఏర్పడ్డారు. బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల గది నడుపుతున్న యాన్ కారోల్ మూర్ దానికి నాయకత్వం వహించారు. మరుసటి ఏడాదే అది సంఘంలో అధికారిక విభాగమైంది. పిల్లల ఎత్తుకు తగిన బల్లలు, చేతికందే అలమారాలు, వారం వారం కథా సమయం వంటివి ఒక ఊరి నుంచి మరో ఊరికి వ్యాపించడానికి ఇలాంటి సంబంధాలే తోడ్పడ్డాయి.

బెజవాడ, బరోడా, ఢిల్లీ

మన దగ్గర కథ కొంత వేరుగా నడిచింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో జరిగిన సభతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆ సభకు అధ్యక్షులు. అప్పటి ఉద్యమానికి ప్రధాన లక్ష్యం ఊరూరా గ్రంథాలయం పెట్టడం, వయోజనులకు చదువు చేరవేయడం. పాతూరి నాగభూషణం 1935లో తెనాలి ప్రాంతపు కృష్ణా కాలువల మీద నడిపిన పడవ గ్రంథాలయం ఆ తపనకు ఒక గుర్తు.

పిల్లల సేవకు ఆ రోజుల్లో మంచి నమూనా బరోడా. శాయాజీరావు గైక్వాడ్ పిలుపుపై 1910లో అమెరికా నుంచి వచ్చిన డబ్ల్యు.ఎ. బోర్డెన్ అక్కడ గ్రంథాలయ వ్యవస్థకు రూపం ఇచ్చారు. కేంద్ర గ్రంథాలయంలో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉండేది. బరోడా అనుభవం ఉన్న కుదాల్కర్‌ను మద్రాసు సభకు అధ్యక్షుడిగా పిలవడమంటే ఆ అనుభవాన్ని దక్షిణాదికి తెచ్చుకోవడమే.

స్వాతంత్ర్యం వచ్చాక 1951 అక్టోబరు 27న యునెస్కో సాయంతో ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ ప్రారంభమైంది. 1955 అక్టోబరులో అదే నగరంలో ఆసియా దేశాల పౌర గ్రంథాలయాలపై యునెస్కో ఒక పెద్ద సెమినార్ నిర్వహించింది. పాల్గొన్నవారు మూడు బృందాలుగా పనిచేశారు. అందులో ఒక బృందం చర్చించింది కేవలం పిల్లల గ్రంథాలయ సేవ గురించే. ఒక రోజు ఉపన్యాసాలు విని వెళ్ళిపోయే సభ కాదది, వారాల తరబడి సాగిన పని. ఆసియాలో పిల్లల పుస్తకాల కొరత, బడికీ గ్రంథాలయానికీ ఉండాల్సిన సంబంధం, సిబ్బంది శిక్షణ వంటివి పెద్దల గ్రంథాలయ చర్చలో ఒక మూలన ఉండిపోయే విషయాలు. వాటికి ప్రత్యేకంగా ఒక బల్ల దొరకడం విశేషం.

1994లో యునెస్కో, అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య కలిసి సవరించిన పౌర గ్రంథాలయ ప్రకటనలో గ్రంథాలయ లక్ష్యాల జాబితా పిల్లలతోనే మొదలవుతుంది. చిన్న వయసు నుంచే చదివే అలవాటు కలిగించి, దాన్ని బలపరచడం అందులో మొదటి అంశం. మూలన ఉన్న విషయం ముందు వరుసలోకి రావడానికి శతాబ్దానికి పైగా పట్టింది.

పుస్తకాలు పెడితే చాలదా?

ఇంత శ్రమ ఎందుకు, మంచి పుస్తకాలు కొని పెడితే పిల్లలే చదువుకుంటారు కదా అని అనిపించవచ్చు. ఈ ఊహను పరిశోధకులు నిజంగానే పరీక్షించారు.

కర్ణాటకలో అక్షర ఫౌండేషన్ నడిపిన పాఠశాల గ్రంథాలయ కార్యక్రమాన్ని ఎవాన్ బోర్కమ్, ఫాంగ్ హే, లీ లిండెన్ యాదృచ్ఛిక నియంత్రిత పద్ధతిలో అధ్యయనం చేశారు. అంటే ఏ బడికి కార్యక్రమం అందాలో లాటరీ తీసినట్టు నిర్ణయించి, అందిన బడులను అందని బడులతో పోల్చారు. 2012లో వెలువడిన ఫలితం ఇది: 16 నెలల తరువాత పిల్లల భాషా పరీక్ష మార్కుల్లో మొత్తమ్మీద తేడా కనిపించలేదు. బడిలోనే గ్రంథాలయం పెట్టినచోట ప్రభావం లేదు. లైబ్రేరియన్ వచ్చి వెళ్ళే పద్ధతి ఉన్నచోట మార్కులు తగ్గాయి కూడా.

ఫిలిప్పీన్స్‌లో జరిగిన మరో అధ్యయనం దీనికి భిన్నమైన ఫలితం ఇచ్చింది. టార్లాక్ రాష్ట్రంలోని 100 బడుల్లో నాలుగో తరగతి పిల్లలపై ఇదే లాటరీ పద్ధతిలో పరీక్షించారు. అక్కడ తరగతికి వయసుకు తగిన కథల పుస్తకాలు ఇవ్వడంతో సరిపెట్టలేదు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, 31 రోజుల పాటు పిల్లలందరూ కలిసి చదివే పఠనోత్సవం జరిపారు. పిల్లలు చదివే పుస్తకాల సంఖ్య పెరిగింది. పఠన పరీక్ష మార్కులు 0.13 ప్రామాణిక విచలనం మేరకు పెరిగాయి. ఒక్క నెల పనికి ఇది చెప్పుకోదగ్గ పెరుగుదలే. అయితే కార్యక్రమం ముగిసిన మూడు నెలలకు అది దాదాపు సగానికి తగ్గింది.

రెండు దేశాలు వేరు, పిల్లలు వేరు, కొలమానాలు వేరు. కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే కారణం తేల్చడం కుదరదు. అయినా ఒక సంగతి స్పష్టం. పుస్తకం అలమారాలో ఉన్నంత మాత్రాన, లైబ్రేరియన్ గదిలో ఉన్నంత మాత్రాన ఫలితం ఖాయం కాదు. పుస్తకానికీ పిల్లవాడికీ మధ్య ఏం జరుగుతోందన్నది చూడాలి. అది కూడా ఒక నెల జరిగి ఆగిపోకుండా ఏడాది పొడవునా సాగాలి. ఆ మధ్య జరిగే పనిలోనే లైబ్రేరియన్ నైపుణ్యం ఉంది.

చూసి నేర్చుకోవలసిన విద్య

అలాంటి నైపుణ్యాల్లో ఒకటి సంభాషణా పఠనం. పెద్దవాళ్ళు చదువుతూ పోతే పిల్లలు వింటూ కూర్చోవడం మామూలు పద్ధతి. ఇందులో పుస్తకం చూపిస్తూ పిల్లల చేతనే కథ చెప్పిస్తారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో దీనిపై ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. రెండు మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రులకు ఈ పద్ధతి నేర్పారు. నెల రోజుల్లోనే ఆ పిల్లలు మాటల్లో భావం చెప్పే పరీక్షల్లో తోటివారి కంటే కొన్ని నెలల ముందున్నారు. తొమ్మిది నెలల తరువాత కూడా ఆ తేడా కొంత నిలిచింది. తరువాత వచ్చిన అధ్యయనాలను కలిపి 2008లో చేసిన విశ్లేషణ, ఈ లాభం చిన్న పిల్లల్లో ఎక్కువనీ, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుందనీ చెప్పింది.

పద్ధతి కాగితం మీద చాలా సులభంగా కనిపిస్తుంది. బొమ్మలో చెరువులో దిగిన బర్రె ఉందనుకుందాం. "ఇదేమిటి?" అని అడిగితే "బర్రె" అన్న ఒక్క మాటతో సంభాషణ ఆగిపోతుంది. "బర్రె నీళ్ళలోకి ఎందుకు దిగింది?" అని అడిగితే పాప ఆలోచించి "ఎండ" అంటుంది. "అవును, ఎండ మండిపోతోందని చల్లగా ఉండటానికి దిగింది. నీకు ఎండగా ఉంటే ఏం చేస్తావు?" అని లైబ్రేరియన్ ఆ ఒక్క మాటనూ వాక్యంగా పెంచి తిరిగి ఇస్తారు. ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు ప్రశ్న మానేసి కథలోకి వెళ్ళాలి, ఇరవై మంది పిల్లలున్నప్పుడు వెనక కూర్చున్న మౌనిని ఎలా కలుపుకోవాలి అన్నవి వ్యాసం చదివితే రావు. ఇంకొకరు చేస్తుంటే చూడాలి. తాను చేస్తుంటే ఇంకొకరు చూసి చెప్పాలి.

అందుకే పిల్లల లైబ్రేరియన్లకు సదస్సులో ఎక్కువగా ఉపయోగపడేవి ప్రదర్శన పాఠాలు, పుస్తక ప్రదర్శనలు, భోజన విరామంలో జరిగే మాటలు. మన దేశంలో ఈ అవసరాన్ని గుర్తించి నడుస్తున్న కార్యక్రమాలూ ఉన్నాయి. టాటా ట్రస్ట్స్ వారి పరాగ్ కార్యక్రమం నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సు అలాంటిదే. పనిచేసే చోటే ఉంటూ నేర్చుకోవడం, మధ్యమధ్య అందరూ ఒకచోట కలవడం దాని పద్ధతి.

మన అక్షరాల లెక్క

విదేశీ సదస్సుల్లో ఎంత వెతికినా దొరకని జవాబులు కొన్ని ఉన్నాయి. అవి మన లిపికి సంబంధించినవి. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు 26 అక్షరాలు. ఆ అక్షరాలు తొందరగానే వస్తాయి, కష్టమంతా స్పెల్లింగులో ఉంటుంది. మన దగ్గర దాదాపు 35 హల్లులకు గుణింతాలు కలిపితేనే 400 రూపాలు దాటుతాయి. ఆపై ఒత్తులు, సంయుక్తాక్షరాలు.

తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడంలో సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. పిల్లలు అక్షరాలన్నీ పట్టుకోవడానికి ఒకటి రెండు తరగతులు చాలవని, నాలుగో తరగతిలోనూ ఆ నేర్పు ఇంకా సాగుతూనే ఉంటుందని అది చూపించింది. కాబట్టి మూడో తరగతి పిల్ల ఒత్తుల దగ్గర తడబడితే మందమతి అనుకోనక్కరలేదు. లిపి సహజంగా కోరే సమయం అది.

లైబ్రేరియన్‌కు దీనివల్ల ఒక పని పడుతుంది. ఒత్తులు లేని పుస్తకాలు, కొద్దిపాటి ఒత్తులున్నవి, అన్నీ ఉన్నవి అని అలమారాను మెట్లుగా సర్దుకోవాలి. వయసుకు తగిన కథ ఉండి, అక్షరాలు మాత్రం తేలికగా ఉన్న పుస్తకాలు ఏవో గుర్తుపెట్టుకోవాలి. పదేళ్ళ బాబు సిగ్గుపడకుండా చదవగలిగేది అలాంటి పుస్తకమే. ఈ జాబితాను ఎవరో ఒకరు కూర్చుని తయారు చేయలేరు. పదిమంది లైబ్రేరియన్లు తమ పిల్లల చేతుల్లో నలిగిన పుస్తకాలేవో, ముట్టనివేవో చెప్పుకుంటే తయారవుతుంది. హ్యూయిన్స్ 1882లో చేసినదానికి ఇది తెలుగు రూపం.

రైల్వే ఊళ్ళలో తెలుగు పిల్లలు

ఉస్లాపూర్ వంటి చోట్ల ఈ లెక్క ఇంకొంచెం మారుతుంది. బిలాస్‌పూర్ నగరంలోనే, కట్నీ వైపు వెళ్ళే మార్గంలో ఉన్న స్టేషను అది. బిలాస్‌పూర్ 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. అంతకు ముందు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్‌లు ఒకే రైల్వే కిందికి రావడంతో ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాల కోసం ఇటు తరలి వచ్చాయి. ఇలాంటి ఊళ్ళలో పుట్టిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతారు. చాలామందికి అమ్మ మాట వస్తుంది, అమ్మ మాట రాసిన లిపి రాదు. వేసవి సెలవులకు విజయనగరమో శ్రీకాకుళమో వెళ్తే అమ్మమ్మ ఇంట్లో ఉన్న పుస్తకం వాళ్ళకు బొమ్మల పుస్తకమే.

అయితే వీళ్ళు సున్నా నుంచి మొదలుపెట్టనక్కరలేదు. దేవనాగరి నేర్చినవారికి క, ఖ, గ, ఘ వరుస తెలుసు. హల్లుకు అచ్చు గుర్తు చేర్చి పలకడమన్న సూత్రం తెలుసు. తేడాలు కొన్నిచోట్లే. హిందీ రాతలో ఎ–ఏ, ఒ–ఓ భేదం లేదు. కనుక 'మెడ'కూ 'మేడ'కూ తేడా చూపించాలి. హిందీలో ళకారం వాడరు. కనుక 'కల'కూ 'కళ'కూ తేడా వినిపించాలి. హిందీలో జంట హల్లుల్లో మొదటిది ఎక్కువగా సగమై పక్కన నిలుస్తుంది. తెలుగులో రెండోది ఒత్తుగా మారి కిందికి చేరుతుంది. ఈ నాలుగైదు సంగతులు తెలిసిన లైబ్రేరియన్ చేతిలో ఒకే కథ హిందీలోనూ తెలుగులోనూ ఉంటే, పిల్లలు ఒకదాని ఆసరాతో రెండోది చదవగలరు.

అలాంటి కథలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో ఒకే బొమ్మల కథ అనేక భారతీయ భాషల్లో, చదివే స్థాయిల వారీగా ఉంటుంది. ముద్రించుకుని పంచుకోవడానికీ, కొత్త భాషలోకి అనువదించుకోవడానికీ అనుమతి ఉంది. కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ ఇ-పుస్తకాలయలోనూ వయసుల వారీగా పిల్లల పుస్తకాలు ఉన్నాయి. వనరులు ఉన్నా వాటితో ఏం చేయవచ్చో చూపించేవారు కావాలి. రైల్వే ఊళ్ళలో పిల్లల పుస్తకాలు చూసుకునేవారు తెలుగు రాష్ట్రాల సదస్సులకు పరాయివారుగా, హిందీ సదస్సులకు తెలుగువారుగా రెండు వైపులా బయటే ఉండిపోయే ప్రమాదం ఉంది. బాల్యంలో లిపి నేర్చుకునే సంవత్సరాలు ఎన్నో ఉండవు. ఆ పిలుపు ఆలస్యమైతే నష్టం పిల్లలదే.

వెళ్ళేవారికి, పంపేవారికి

సదస్సుకు వెళ్ళే లైబ్రేరియన్ వట్టి చేతులతో వెళ్ళకుండా ఒక ప్రశ్న, దానికి తగిన లెక్క తీసుకెళ్తే ప్రయోజనం పెరుగుతుంది. గత మూడు నెలల్లో ఏ వయసు పిల్లలు ఎన్ని పుస్తకాలు తీసుకెళ్ళారు, ఏ పుస్తకం ఒక్కసారి కూడా కదలలేదు, బాలికలు ఏ రోజుల్లో రావడం లేదు వంటివి రిజిస్టరులోనే దొరుకుతాయి. అక్కడ విన్నవాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని, తిరిగి వచ్చాక ఆరు వారాలు చేసి చూడాలి. అదే లెక్క మళ్ళీ తీయాలి. మారకపోతే ఆ సంగతీ తరువాతి సదస్సులో చెప్పాలి. కర్ణాటక అధ్యయనం వంటి నిరాశపరిచే ఫలితం బయటికి రావడం వల్లనే మనకు ఇవాళ ఒక అపోహ తొలగింది.

పంపేవారి బాధ్యత ఇంకా సులభం. డ్యూటీ మీద అనుమతి, రైలు ఛార్జీ, ఆ రెండు రోజులు గ్రంథాలయం మూతపడకుండా ఒక మనిషి. తెలుగు రాష్ట్రాల్లో ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేసే వీలు 1960 నాటి చట్టంలోనే ఉంది. ఆ నిధి భవనాలకూ పుస్తకాలకూ ఎంత అవసరమో, ఆ పుస్తకాలను పిల్లల దగ్గరికి చేర్చే మనిషి శిక్షణకూ అంతే అవసరం.

పెద్ద సదస్సులకు అందరూ వెళ్ళలేరు. ప్రతి జిల్లాలో పిల్లల అలమారాలు చూసేవారు పదీ పదిహేను మంది ఒక మధ్యాహ్నం కలిసి, ఒకరు కథ చెబుతుంటే మిగతావారు చూసి, ఎవరి నలిగిన పుస్తకాలు వారు తెచ్చి బల్ల మీద పెడితే అదీ సదస్సే. గ్రంథాలయ వారోత్సవాల ఏడు రోజుల్లో పిల్లల పోటీలకు ఆరు రోజులు పోగా, మిగిలిన ఒక్క రోజు దీనికి సరిపోతుంది.